పాత ఇంట్లో ఎండవేడి తగ్గించడం ఎలా: గోడల చెమ్మ ఆరే దారి మూయకుండా

పెంకుటిల్లు కానీ, మద్రాసు మిద్దె కానీ, రాయలసీమ మట్టిమిద్దె కానీ, వేసవిలో పాత ఇల్లు ఉడికిపోతోందంటే ముందు తలెత్తి పైకి చూడండి. అడుగున్నర మందం ఇటుక గోడ మీద పడిన ఎండ లోపలికి రావడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. ఈలోగా రాత్రి గాలికి గోడ సగం చల్లారిపోతుంది. పెంకు సంగతి అలా కాదు. అంగుళం మందం కూడా లేని ఆ మట్టిబిళ్ళ పదింటికల్లా కాలి, సాయంత్రం దాకా కింద ఉన్నవాళ్ళ నెత్తిన సెగ కురిపిస్తుంది. కాబట్టి డబ్బు ముందు కప్పుకు పెట్టండి. గోడలకు చేయాల్సింది చాలావరకు కొత్తగా వేయడం కాదు, ఈమధ్య వేసినవి పీకేయడం.

ఇంకో సంగతి. పాత గోడల పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల నుంచి తడి పైకెక్కుతూనే ఉంటుంది, రెండు వైపులా గాలికి ఆరుతూనే ఉంటుంది. సున్నం, మట్టి ఆ తడిని పీల్చి వదిలేస్తాయి. సిమెంటు పూత, ప్లాస్టిక్ పెయింటు, పీవీసీ పలకలు, థర్మోకోల్ వదలవు. లోపల చిక్కిన తడి ఎక్కడ దారి దొరికితే అక్కడికి, అంటే ఇంకా పైకి ఎక్కుతుంది. మూడడుగుల దగ్గర ఆగే చెమ్మ గీత ఐదడుగులకు చేరడం, దూలం కొన పుచ్చిపోవడం అలా మొదలవుతాయి.

ముందు ఇల్లు దేనితో కట్టారో తేల్చుకోండి

కనపడని మూల ఒకటి చూసి, రాళ్ళ మధ్యో ఇటుకల మధ్యో ఉన్న అతుకును మేకుతో గీకండి. తడిపితే మెత్తబడి వేలికి అంటుకుంటే అది మట్టి. తెల్లగానో, సుర్కీ (దంచిన ఇటుకపొడి) కలవడం వల్ల లేత ఎరుపుగానో పొడి రాలి, నిమ్మరసం చుక్క వేయగానే బుసబుస పొంగితే సున్నం. బూడిద రంగులో ఉండి మేకుకు గీత కూడా సరిగా పడకపోతే ఎవరో తరవాత సిమెంటు పూశారని అర్థం.

రంగు సంగతి తెలియాలంటే గోడ మీద నీళ్ళు చిలకరించండి. చుక్క ఇంకిపోతే ఆ గోడకు దారి ఉంది. ముత్యంలా నిలిచి జారిపోతే రంగు మూసేసింది.

చెమ్మ ఎక్కడిదో తెలుసుకోవడానికి రెండడుగుల చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు తడి పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే అది గదిలో గాలి తేమ. అలాంటప్పుడు గోడను తవ్వి లాభం లేదు, గాలాడే ఏర్పాటు చూడాలి.

చివరగా దూలాలు, వాసాలు గోడలో దిగే చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. అర అంగుళం కన్నా లోపలికి దిగితే వడ్రంగిని పిలిచేదాకా కప్పు మీద ఒక్క కిలో కూడా అదనంగా వేయకండి.

తడి తగ్గకుండా మరేదీ మొదలుపెట్టొద్దు

మన ఊళ్ళలో పాత ఇళ్ళకు వచ్చిన పెద్ద తిప్పలు సీసీ రోడ్లు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసి వేసి, ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి వెళ్ళే అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానమైంది. కొన్ని చోట్ల రోడ్డు కన్నా కిందికి పోయింది. వానకు గోడ మొదలు నీళ్ళలో నిలబడుతుంది. దీనికి మందు గోడకు సిమెంటు పట్టీ కొట్టడం కాదు. ఆ పట్టీ ఉంటే పగలగొట్టండి. గోడకు అర అడుగు ఎడంగా అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తవ్వి, వాలు ఇచ్చి, 40 మిల్లీమీటర్ల కంకర నింపండి. పది అడుగులకు కనీసం అంగుళంన్నర వాలు ఉండాలి. పునాది అడుగుభాగం కన్నా లోతుకు మాత్రం తవ్వకూడదు. మట్టి జారితే గోడ కుంగుతుంది.

చూరు నీళ్ళు ఆ కాలువలోనే పడాలి. గోడ మీదికి చిందుతుంటే చూరు కింద తొట్టి కట్టించండి. పంపు లీకులు, స్నానాలగది నీళ్ళు కూడా ఇదే విడతలో చూసుకోండి.

తరవాత ఓపిక పట్టాలి. తడిసిన గోడ అంగుళం మందానికి నెల చొప్పున ఆరుతుందని ఉజ్జాయింపు లెక్క. పద్దెనిమిది అంగుళాల గోడ రెండు వైపులా ఆరినా తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో కప్పు పని చేసుకోవచ్చు.

పెంకుల కప్పు

పెంకు నుంచి వచ్చే వేడిలో ఎక్కువ భాగం సెగే. దాన్ని ఆపడానికి పెంకుకు, మనిషికి నడుమ ఒక పొర కావాలి. ఆ పొరకు, పెంకుకు నడుమ గాలి కదలాలి. ఈ రెండోది మరిచిపోతారు కాబట్టే సగం పనులు పాడవుతాయి. వానాకాలంలో పెంకు నీళ్ళు తాగుతుంది. ఎండ రాగానే ఆ నీరు ఆవిరై కిందికీ దిగుతుంది. కింద గాలి లేకపోతే రీపర్లు (పెంకులు ఆనే సన్న కర్రపట్టీలు), వాసాలు ఆ ఆవిరిలో నానుతాయి.

పెంకులు దించకుండా చేసే పద్ధతి ఇది: వాసాల అడుగున వెదురు తడక బిగించి, దాని మీద కొబ్బరిపీచు పరుపు పెట్టడం. 10 × 12 అడుగుల గదిని లెక్కకు తీసుకుందాం. వాలు కలిపితే కప్పు అడుగుభాగం దాదాపు 138 చదరపు అడుగులు. అంగుళం మందం కొబ్బరిపీచు పరుపు రెండు పొరలకు, తరుగుతో కలిపి 290 చదరపు అడుగులు కొనండి.

1. జారిన, పగిలిన పెంకులు సర్దించండి. ఒక వానో, అరగంట పైపు నీళ్ళో పట్టి కారడం లేదని చూసుకున్నాకే ముందుకు వెళ్ళండి. తడక బిగించాక కారితే కారిన చోటు దొరకదు.

2. దూలాలు, వాసాలు బ్రష్షుతో దులిపి, చెదలకు, పుచ్చుకు మందు పూయండి. లీటరు వేడినీటికి బోరాక్స్ 30 గ్రాములు, బోరిక్ యాసిడ్ 20 గ్రాములు. రోజు విడిచి రోజు రెండు పూతలు. ఇది కర్రలోకి ఇంకుతుంది, పైన పొర కట్టదు. వార్నిష్ కొట్టిన కర్రకు ముందు వార్నిష్ గీకాలి.

3. రెండు చూరుల పొడవునా అంగుళం సందు వదిలి పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించండి. కొప్పు (రెండు వాలులు పైన కలిసే చోటు) దగ్గర నాలుగైదు అడుగులకో గాలిపెంకు పెట్టండి. అది దొరక్కపోతే కొప్పుపెంకు కింద అక్కడక్కడా సున్నపు మాలు వేయకుండా సందు వదిలి జాలీ దూర్చండి. కింద నుంచి వచ్చిన గాలి వేడెక్కి పైనుంచి పోవాలి. ఒక్క చూరులోనే సందు పెడితే గాలి కదలదు.

4. వాసాల అడుగున రెండడుగులకొకటి చొప్పున 2 × 1½ అంగుళాల కర్రలు అడ్డంగా కొట్టండి. వాసం మందమే మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది కాబట్టి పెంకు కింద గాలిసందు దానంతటదే మిగులుతుంది. తాటివాసాలు వంకరగా ఉంటే చిన్న చెక్కముక్కలు పెట్టి మట్టం చేయండి. ఎక్కడా మూడంగుళాలకు తగ్గకూడదు.

5. వెదురు తడక మీద పాత గోనెపట్టా పరవండి. లేకపోతే పీచు దుమ్ము ఏడాది పొడవునా అన్నంలో పడుతుంది. పట్టా మీద పీచు పరుపు రెండు పొరలు. కింది పొర అతుకు మీద పై పొర అతుకు రాకూడదు. మొత్తం ఒకేసారి బిగించడం కుదరదు. చూరు దగ్గర మొదలుపెట్టి రెండడుగుల పట్టీలుగా, పరుపు దూర్చుకుంటూ, తడక మేకులు కొట్టుకుంటూ కొప్పు దాకా వెళ్ళండి. పరుపు వాలుకు జారుతుంది. మూడడుగులకో చోట కొబ్బరితాడుతో అడ్డకర్రకు కట్టండి.

6. గదికి ఒక చోట రెండడుగుల చదరం తలుపులా ఊడదీసే వీలు ఉంచండి. ఆ వీలు లేని తడక కింద ఏం జరుగుతోందో అది ఊడి పడేదాకా తెలియదు.

పీచు బదులు వరి ఊక వాడొచ్చు. వేడిని ఆపడంలో తీసిపోదు, ఊళ్ళో ఉట్టిపుణ్యానికి దొరుకుతుంది. మూడంగుళాల మందానికి వంద చదరపు అడుగులకు సుమారు 70 కిలోలు పడుతుంది. కానీ అది సమతలంగా ఉండే అటక మీదికే తప్ప వాలు కప్పుకు పనికిరాదు. తవుడు, నూకలు లేకుండా చెరిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, పది బుట్టలకు ఒక బుట్ట పొడి సున్నం కలిపి పోయాలి. నూకలు ఉంటే ఎలుకలకు విందే. ఊక భగ్గున మండదు కానీ నిప్పు పడితే రోజుల తరబడి లోలోపల రగులుతుంది. వంటగది పైన, పొయ్యిగొట్టం దగ్గర వద్దు. అక్కడ రాక్‌వూల్ మేలు. అది కాలదు, చెమ్మనూ ఆపదు. బిగించేటప్పుడు చేతితొడుగు, ముక్కుగుడ్డ తప్పనిసరి.

థర్మోకోల్ చవకే. చీమలు గూళ్ళు పెడతాయి, మంట తొందరగా అంటుకుంటుంది, ఆవిరిని కదలనివ్వదు. పీవీసీ సీలింగుదీ అదే తీరు. వెండిరంగు రేకు పరుపులు సెగను బాగా ఆపుతాయన్నది నిజమే. కానీ మెరిసే వైపు ఖాళీ గాలి ఉంటేనే ఆపుతాయి, మెరిసే వైపును పెంకుకు ఆనించి కొడితే వేడిని నేరుగా కిందికి దింపుతాయి. వాడాలనుకుంటే సన్న చిల్లులున్న రకం, మెరుపు కిందికి తిప్పి, పైనా కిందా సందు వదిలి వాడండి. మెరుపు పైకి పెడితే ఏడాదిలో దుమ్ము పట్టి మెరుపు పోతుంది.

పాత కరెంటు వైర్లు పరుపు కింద కప్పేయకండి. వేడి పోయే దారి లేక తొడుగు కరుగుతుంది. వైర్లన్నీ గొట్టంలో వేయించి తడకకు కిందుగా, గదివైపు తీసుకెళ్ళండి.

ఎలాగూ ఇల్లు నేయిస్తున్నట్టయితే ఇంతకన్నా మంచి పద్ధతి ఉంది. పెంకులు, రీపర్లు దించి వాసాల మీద ముప్పావు అంగుళం చెక్కలో, పలుచని సీలింగు పెంకులో పరవండి. దాని మీద ఆవిరిని వదిలి నీటిని ఆపే మెంబ్రేన్ చూరు నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి ఆరంగుళాలు ఎక్కేలా వేయండి. టార్పాలిన్, పాలిథిన్ ఆ పని చేయవు. మెంబ్రేన్ మీద వాసాల వెంబడి నిలువుగా రెండంగుళాల పట్టీలు, వాటి మీద అడ్డంగా రీపర్లు, ఆపైన పెంకులు. నిలువు పట్టీల్లేకుండా రీపర్లు నేరుగా మెంబ్రేన్ మీద కొడితే కారిన నీరు ప్రతి రీపరు దగ్గరా ఆగి దాన్ని కుళ్ళబెడుతుంది. మంగళూరు పెంకుకు రీపర్ల దూరం పన్నెండున్నర అంగుళాల దగ్గర ఉంటుంది కానీ బట్టీ బట్టీకి తేడా. మీ పెంకులు నాలుగు పేర్చి కొలుచుకోండి. వంద చదరపు అడుగులకు 140 పెంకులు, పైన పదోవంతు అదనం. తెలంగాణ పల్లెల్లో అయితే కోతుల వాటాగా ఇంకో పదోవంతు.

మిద్దెలు

మద్రాసు మిద్దెలో టేకు కడ్డీల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుకజల్లి సున్నం వేసి కొట్టి ఉంటుంది. అది కారుతోందని తారు షీటు పరిస్తే ఏ అంచునో దూరిన నీరు పైకి ఆరలేక టేకు కొనల్లోకి దిగుతుంది. కాంక్రీటు పొర వేస్తే ఆ బాధకు బరువు తోడు.

పొర లేచిపోయిన చోట మాత్రమే తీసి మళ్ళీ వేయండి. ముప్పావు అంగుళం ఇటుకజల్లి రెండున్నర పాళ్ళు, విరిసిన సున్నం ఒక పాలు, ఇసుక లేకుండా. మూడంగుళాల మందం వచ్చేలా వేసి, సున్నం పాలు పైకి తేలి, దిమ్మిస ఎగిరిపడేదాకా చెక్క దిమ్మిసలతో కొట్టాలి. కొట్టేటప్పుడు చల్లే కరక్కాయ నీళ్ళకు కొలత: దాదాపు వంద చదరపు అడుగులకు ఎండు కరక్కాయలు 600 గ్రాములు ముక్కలు కొట్టి, బెల్లం 200 గ్రాములు కలిపి, 40 లీటర్ల నీళ్ళలో పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు నానబెట్టి వడకట్టాలి. కొట్టడం అయ్యాక పది రోజులు తడి గోనెలు కప్పండి.

ఆపైన వెల్ల. మిద్దె మీద తెల్ల సున్నం పూయడం కన్నా చవకైన చలువ మందు లేదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చిందీ ఈ తెలుపు కోసమే, అక్కడ పెయింట్లు, పలకలు కూడా ఉంటాయి. సున్నపు మిద్దెకు మాత్రం సున్నమే వేయండి. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్ళు, గుప్పెడు తుమ్మజిగురు వేడినీళ్ళలో కరిగించినది. వంద చదరపు అడుగులకు పూతకు కిలో చొప్పున మూడు పలుచని పూతలు, ఏటా మార్చిలో. పట్టు కోసం ఉప్పు వేయమని కొందరు చెబుతారు. పాత గోడకు, మిద్దెకు ఉన్న ఉప్పు చాలు, మీరు వేయకండి.

మట్టిమిద్దెకు చౌడుమట్టి ఉండనే ఉంది, మందంగా ఉన్నంతకాలం దానికి వేరే పొర అక్కర్లేదు. ప్రమాదం బరువుతోనే. వానలకు ముందు ఏటా పైపైన చౌడు పోస్తూ పోతే అంగుళానికి చదరపు అడుగుకు నాలుగు కిలోలు పెరుగుతుంది, 10 × 12 గదికి అంగుళానికి దాదాపు 480 కిలోలు, తడిస్తే ఇంకా ఎక్కువ. పాత పొర అంత మేర గీకి దించాకే కొత్తది పోయించండి.

గోడలు

అడుగున్నర గోడకు వేడి కోసం ఏ పరుపూ అవసరం లేదు. పడమటి గోడ తొమ్మిదంగుళాలదే అయితే దానికి నీడ ఇవ్వండి: గోడకు ఆరంగుళాలు ఎడంగా కర్రల చట్రం, దాని మీద వెదురు తడకో తీగమొక్కో. తీగను గోడకే పాకిస్తే వేళ్ళు అతుకుల్లోకి దిగుతాయి. పొడి గాలి ఉండే కర్నూలు, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల కిటికీలకు వట్టివేళ్ళ తడికలు తడిపి కట్టొచ్చు. మచిలీపట్నంలో అదే చేస్తే ఉక్కపోతే మిగులుతుంది.

ఇక సిమెంటు పూత తీయడం. చెమ్మ గీతకు అడుగు పైదాకా, ఉలి, చిన్న సుత్తితో, కింద నుంచి మొదలుపెట్టి. బ్రేకర్ మిషను వద్దు, పాత ఇటుక ముఖం పూతతో పాటే ఊడొస్తుంది. అతుకులు ముప్పావు అంగుళం లోతుకు గీకండి. తెల్లగా తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చేటలో ఎత్తి బయట పారబోయండి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

సున్నం తయారీలో ఒక్క నియమం మరవకండి: నీళ్ళలో కాల్చిన సున్నపురాయి వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. కుతకుత ఉడికి చిమ్ముతుంది, కంటికి కళ్ళద్దాలు, పిల్లలు దగ్గర లేకుండా చూడటం తప్పనిసరి. కిలో రాయికి మూడు లీటర్ల నీళ్ళు. చల్లారాక జల్లెడ పట్టి, పైన నీళ్ళు నిలిచేలా డ్రమ్ములో కనీసం మూడు వారాలు ఉంచండి. మూడు నెలలైతే ఇంకా మంచి వెన్నలాంటి ముద్ద వస్తుంది. తొందరపడి వాడితే విరియని ముక్కలు గోడలో విరిసి, ఆరు నెలల దాకా పొక్కులు లేస్తూనే ఉంటాయి.

మొదటి పూత: సున్నపు ముద్ద ఒక పాలు, సుర్కీ ఒక పాలు, కడిగిన ముతక ఇసుక రెండు పాళ్ళు, అర అంగుళం మందం. సముద్రపు ఇసుక ఊరికే వచ్చినా వద్దు. వారం ఆగి రెండోది, ముద్ద ఒకటికి సన్న ఇసుక రెండు, పావు అంగుళం. పూసే ముందురోజు సాయంత్రం, పూసే రోజు ఉదయం గోడ తడపాలి. పొడిగోడ మాలులో నీళ్ళు లాగేస్తే పూత పెచ్చుగా ఊడుతుంది. తరవాత వారం రోజులు రెండు పూటలా నీళ్ళు చిలకరించండి. మే నెల ఎండలో చేస్తే బీటలు తప్పవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మేస్త్రీ పట్టు కోసం కాస్త సిమెంటు కలుపుతానంటాడు. ఆ కాస్తే మీరు పీకిన పూతను మళ్ళీ తెచ్చిపెడుతుంది.

మొదటి ఏడాది ఈ పూత మీద కూడా ఉప్పు తేలి, కింది అడుగు మేర పొడి రాలొచ్చు. గోడలో ఉన్న ఉప్పు బయటికి వస్తోందన్నమాట. ఆ మేర గీకి మళ్ళీ పూయండి. పైన వెల్ల తప్ప మరేదీ వద్దు.

ఏసీ పెట్టే గది

బయట 34 డిగ్రీలు, తేమ 65 శాతం ఉన్న రోజున ఆ గాలి 26.5 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. కోస్తాలో అలాంటి రోజులు మామూలే. మీరు ఏసీ 22లో పెడితే, బయటి తేమ గోడగుండా లోపలికి వస్తూ చల్లని లోముఖం దగ్గర నీరవుతుంది. అక్కడ సున్నపు పూత ఉంటే గదిలోకి ఆరి ఏసీ గొట్టంలో పోతుంది. వినైల్ వాల్‌పేపరు, పీవీసీ పలక, ఆయిల్ పెయింటు ఉంటే వాటి వెనకే నిలుస్తుంది. వాల్‌పేపరు ఊడదీస్తే వెనక నల్లటి బూజు కనిపించేది అందుకే. చలిదేశాల వీడియోల్లో గోడకు లోపలివైపు ప్లాస్టిక్ పొర కొట్టమంటారు. అక్కడ ఆవిరి లోపల్నుంచి బయటికి పోతుంది, ఇక్కడ బయట్నుంచి లోపలికి వస్తుంది. ఆ సలహా ఇక్కడ తిరగబడుతుంది.

కప్పు కింద పరుపు ఉన్న గదిలో ఏసీ 26, 27 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది. తడక అతుకులు, కిటికీ సందులు మూయండి. చూరు దగ్గరి గాలిసందు మాత్రం మూయకండి, అది గదిది కాదు, కప్పుది.

మొదటి వానాకాలంలో జులైలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఆ రెండడుగుల తలుపు తీసి చేయి పెట్టి చూడండి. పరుపు పొడిగా ఉండి పీచు వాసన వస్తే పని సరిగా కుదిరింది. ముక్కిన వాసన వస్తే ముందు కొప్పు సందులో ఉడుత గూడు పెట్టిందేమో చూడండి, ఆ తరవాత పెంకులు.